దత్తత పత్రము చేతికందిన తరువాత

పాఠ్యభాగములు: రోమా 8:14–27, నిర్గమ 2:1–11, ఎస్తేరు 2:5–11, 2 సమూయేలు 9వ అధ్యాయము
ధ్యాన వాక్యము: రోమా 8:26



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో రాయ్‌పూర్ నుండి సంబల్‌పూర్ వైపు పోవు పెద్ద రహదారిమీద సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణము చేసినయెడల ఆరంగ్ అను పురాతన పట్టణము వచ్చును. మహానది దానికి సమీపముగా ప్రవహించుచున్నది. రైల్వే ఉద్యోగములనుబట్టియు, 1959లో మొదటి కొలిమి వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారమునుబట్టియు, వర్తకమునుబట్టియు రాయ్‌పూర్ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. అట్టి విశ్వాసుల కుటుంబమొకటి ఆరంగ్‌లో నున్నదని యూహించుకొందము. వివాహమై పదునాలుగేండ్లు గడచినను వారికి సంతానము లేదు. వారు ప్రార్థించి, దరఖాస్తు పెట్టుకొని, యేండ్ల తరబడి కనిపెట్టి, ఐదేండ్ల బాలిక నొకతెను దత్తత తీసికొనిరి. సంఘమంతయు కూడి కృతజ్ఞతా కూడికను జరిపెను. పాస్టరుగారు బిడ్డ తలమీద చేయి వేసి ఆశీర్వదించిరి. భోజనములైనవి. అందరును ఇండ్లకు వెళ్లిరి.

ఆ తరువాతి సంగతి ఎవరును అడుగలేదు. బాలిక అన్నపు ముద్దను తలగడ క్రింద దాచుకొనును. చిన్న గద్దింపుకే గదిమూలకు పోయి, గంటసేపు పలుకక కూర్చుండును. దారిని పోవు క్రొత్తవారి చేయి పట్టుకొని నడచిపోవును గాని, తల్లి దగ్గరకు తీసికొనబోగా బిగుసుకొనిపోవును. అర్ధరాత్రి లేచి "దాయీ, దాయీ" అని యేడ్చును. ఛత్తీస్‌గఢీ భాషలో ఆ మాటకు అమ్మ యని యర్థము. తెలుగు తల్లి ఆ మాట విని, తన్ను గాక మరియొకరిని పిలుచుచున్నదని కుమిలిపోవును. ఎవరితో చెప్పుకొనును? "దేవుడిచ్చిన బిడ్డ" అని సంఘమునెదుట సాక్ష్యము చెప్పిన నోటితో "నాకు చేతకావడములేదు" అని ఎట్లు చెప్పును?

ఈ పాఠము అట్టి తల్లిదండ్రుల నిమిత్తమును, వారి చుట్టునున్న సంఘము నిమిత్తమును వ్రాయబడుచున్నది. దత్తత తరువాత సహాయము కోరుట అవిశ్వాసము కాదనియు, ఆ సహాయము ఎక్కడ దొరకుననియు దీనిలో తెలిసికొందము.

1. సంరక్షకులనుండి తల్లిదండ్రులవరకు

మన దేశమందు క్రైస్తవులకు దత్తత హక్కు సులభముగా రాలేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టము మనకు వర్తింపదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టముక్రింద క్రైస్తవ దంపతులు బిడ్డకు సంరక్షకులు కాగలిగిరే గాని, చట్టము దృష్టిలో తల్లిదండ్రులు కాలేకపోయిరి. బిడ్డ యుక్తవయస్సు చేరగానే ఆ సంరక్షకత్వము ముగియుచుండెను. ప్రేమతో పెంచిన బిడ్డకు స్వాస్థ్యపు హక్కు పుట్టుకతో వచ్చినట్టు రాదు. 2000 సంవత్సరపు బాలల న్యాయ చట్టమును, 2006లో దానికి జరిగిన సవరణయు ఈ స్థితిని మార్చెను. ఏ మతమువారైనను ఈ చట్టము ననుసరించి దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. ఇప్పుడు అమలులోనున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టము. దానికి 2021లో చేసిన సవరణనుబట్టి, 2022 సెప్టెంబరు 1 మొదలుకొని దత్తత ఉత్తర్వును న్యాయస్థానమునకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నారు. ఆరంగ్ కుటుంబమునకు ఆ ఉత్తర్వు రాయ్‌పూర్ జిల్లా కార్యాలయమునుండి వచ్చును.

గలతీయులకు వ్రాసిన పత్రికలో నాలుగవ అధ్యాయపు మొదటి వచనములను ఈ చరిత్రతో కలిపి చదువుడి. వారసుడు బాలుడైయున్నంత కాలము సంరక్షకుల చేతిక్రింద నుండునని చెప్పి, వెంటనే పౌలు దత్తపుత్రత్వమును గూర్చి చెప్పుచున్నాడు. సంరక్షణ వేరు, పుత్రత్వము వేరు. సంరక్షణకు గడువుండును, పుత్రత్వమునకు గడువు లేదు. దేవుడు మనలను కొంతకాలము పోషించి పంపివేయుటకు పిలువలేదు.

గడువు లేని బంధము గనుకనే అది ఒక దినముతో పూర్తి కాదు. ఉత్తర్వుమీద సంతకము పడిన దినమున బిడ్డ హక్కు స్థిరపడును. బిడ్డ హృదయము స్థిరపడుటకు నెలలు, కొన్నిసార్లు సంవత్సరములు పట్టును.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఆసుపత్రిలోనో, మధ్యవర్తి ద్వారానో, చట్టమునకు వెలుపల బిడ్డను తెచ్చుకొనుట మన విశ్వాసులలో సైతము అక్కడక్కడ జరుగుచున్నది. అది నేరము. అంతకన్న విచారకరమేమనగా, అట్లు వచ్చిన బిడ్డకు హక్కు ఉండదు, పెంచువారికి ధైర్యము ఉండదు. కష్టము వచ్చినప్పుడు ఏ తలుపు తట్టుటకైనను వారు భయపడుదురు. బంధువుల బిడ్డను తీసికొనువారికి కూడ చట్టములో మార్గమున్నది. దానిలోనే నడువవలెను.

2. ఒకే అధ్యాయములో పుత్రత్వము, సహాయము

రోమా పత్రిక 8వ అధ్యాయమును నిదానముగా చదువుడి. 15వ వచనములో మనము దత్తపుత్రాత్మను పొందితిమని యున్నది. అంతటితో కష్టము ముగిసెనని మనము తలంచుదుము. అయితే 22వ వచనములో సృష్టియంతయు మూలుగుచున్నది. 23వ వచనములో ఆత్మయొక్క ప్రథమ ఫలములు పొందిన మనము సహితము మూలుగుచున్నాము. 26వ వచనములో, ఎట్లు ప్రార్థింపవలెనో తెలియని మన బలహీనతలో ఆత్మ మనకు సహాయము చేయుచున్నాడు.

పుత్రులుగా స్వీకరింపబడిన తరువాతనే మూలుగు కనబడుచున్నది. పుత్రులుగా స్వీకరింపబడిన తరువాతనే సహాయకుడును కనబడుచున్నాడు. "మీరు ఇప్పుడు నా పిల్లలు, ఇక మీ పాట్లు మీరు పడుడి" అని తండ్రి మనలను విడిచిపెట్టలేదు. ఆయన తన పిల్లల బలహీనతను ముందుగానే ఎరిగి సహాయమును ఏర్పరచెను. అట్లయినయెడల దత్తత చేసికొనిన తల్లి "నాకు సహాయము కావలెను" అని చెప్పుట విశ్వాసమునకు వ్యతిరేకమెట్లగును? పరలోకపు తండ్రి ఇంటిలో ఉన్న క్రమమునే ఆమె తన ఇంటికి కోరుచున్నది.

3. బైబిలులోని మూడు ఇండ్లు

మొదటిది ఫరో కుమార్తె ఇల్లు. నీటిలోనుండి తీయబడిన శిశువును ఆమె చూచి కనికరపడెను. ఆమెకు ఐశ్వర్యము కలదు, దాసీలు కలరు. అయినను శిశువుకు పాలియ్యగలది మరియొక స్త్రీ యని ఆమె అంగీకరించి, ఒక దాదిని ఏర్పరచి, ఆమెకు జీతమిచ్చెను. తన వలన కానిదానిని మరియొకరిచేత చేయించుకొనుటవలన ఆమె మాతృత్వము తగ్గలేదు. బిడ్డ పెరిగి ఆమెయొద్దకు వచ్చి ఆమెకు కుమారుడాయెను.

రెండవది మొర్దెకై ఇల్లు. తలిదండ్రులు లేని హదస్సాను అతడు తన కుమార్తెగా స్వీకరించెను. ఆమె రాజు అంతఃపురమునకు వెళ్లిన తరువాత కూడ, ఆమె క్షేమమును తెలిసికొనుటకు ఆవరణము ఎదుట ప్రతిదినము తిరుగులాడుచుండెను. ఒక దినము చూచి ఊరకొనలేదు. దత్తత తరువాతి పరామర్శకు ఇంతకన్న మంచి మాదిరి లేదు.

మూడవది దావీదు ఇల్లు. మెఫీబోషెతు ఐదేండ్లవాడైయుండగా, భయముతో పరుగెత్తిన దాది చేతిలోనుండి పడి కుంటివాడాయెను. దావీదు అతనిని లోదెబారునుండి రప్పించి, భయపడవద్దని చెప్పి, రాజకుమారులలో ఒకనివలె తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. అంతటితో ఆగక, సీబాను, అతని పదునైదుమంది కుమారులను, ఇరువదిమంది దాసులను అతని భూమిని సేద్యము చేయుటకు నియమించెను. అనగా బల్లయొద్ద చోటు మాత్రమే కాదు, దినదినము నడచుటకు కావలసిన ఏర్పాటు కూడ చేసెను.

ఆ అధ్యాయపు చివరి మాటను గమనించుడి. అతడు ఎల్లప్పుడు రాజు బల్లయొద్ద భోజనము చేయుచుండెనని చెప్పిన తరువాత, అతని రెండు కాళ్లును కుంటివని మరల చెప్పబడెను. రాజు ప్రేమించెను గనుక కాళ్లు బాగుపడలేదు. ఐదేండ్ల వయస్సున కలిగిన దెబ్బ రాజు బల్ల క్రిందను ఉండెను. మన ఇంటికి వచ్చిన బిడ్డ దెబ్బ కూడ అట్లే కొంతకాలము మన బల్లయొద్ద కూర్చుండును. దానిని చూచి "మేమింత ప్రేమించినను ఎందుకిట్లు?" అని కోపపడరాదు. అన్నము దాచుకొను బిడ్డ దొంగ కాదు. ఒకప్పుడు అన్నము దొరకని దినమును ఆ శరీరము మరచిపోలేదేమో. కౌగిలికి బిగుసుకొను బిడ్డ కఠినహృదయము గలది కాదు. ఎత్తుకొనిన చేతులు అనేకమారులు మారినందున, ఈ చేతులు నిలుచునో లేదో యని పరీక్షించుచున్నదేమో.

4. సహాయము ఎక్కడ దొరకును?

బోధ మంచిదే గాని, ఆరంగ్ తల్లి రేపు ఉదయము ఎక్కడికి వెళ్లవలెను?

మొదట, దత్తత సంస్థయొద్దకు వెళ్లవచ్చును. దేశములో దత్తతలను నడిపించునది కేంద్ర దత్తత వనరుల సంస్థ. దానిని కారా అని పిలుతురు. 2024–25 ఆర్థిక సంవత్సరములో దాని ద్వారా 4,515 దత్తతలు జరిగెను. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారము, బిడ్డ ఇల్లు చేరిన దినము మొదలుకొని రెండేండ్లవరకు, ఆరు నెలల కొకమారు ఆ కుటుంబమును పరామర్శించి నివేదిక వ్రాయవలెను. కుటుంబమును ముందుగా పరిశీలించి నివేదిక వ్రాసిన సంస్థయే ఈ పని చేయును. అనేకులు ఈ పరామర్శను పోలీసు తనిఖీవలె భావించి, ఇల్లు సర్ది, బిడ్డకు క్రొత్త బట్టలు తొడిగి, "అంతయు బాగున్నది" అని చెప్పి పంపివేయుదురు. అట్లు చేయకుడి. వచ్చినవారు మీ వాకిట తిరుగులాడు మొర్దెకై యనుకొనుడి. అన్నము దాచుట, రాత్రి యేడ్పు, మీ అలసట, మీ కోపము, అన్నియు చెప్పుడి. కుటుంబము ఇమడలేకపోవుచున్నదని తెలిసినప్పుడు కౌన్సిలింగు ఏర్పాటు చేయుట వారి బాధ్యత. దాచిపెట్టిన కష్టము కొన్ని ఇండ్లలో బిడ్డను మరల విడిచిపెట్టువరకు పోవుచున్నది. ఒకసారి విడువబడిన బిడ్డకు రెండవసారి విడువబడుట ఎంతటి గాయమో తలంచుడి.

రెండవది, జిల్లా బాలల పరిరక్షణ విభాగము. ఇది మిషన్ వాత్సల్య పథకముక్రింద జిల్లాలలో పనిచేయుచున్నది. ఆరంగ్‌వారికి అది రాయ్‌పూర్‌లో నున్నది. ఉద్యోగరీత్యా మరియొక జిల్లాకు మారువారు, దత్తత సంస్థకును, క్రొత్త జిల్లాలోని ఈ విభాగమునకును తమ చిరునామా తెలియజేయవలెను. బదిలీలు ఎక్కువగా నుండు కుటుంబములు దీనిని మరువరాదు.

మూడవది, వైద్య సహాయము. బిడ్డతోకూడ వచ్చిన ఆరోగ్య నివేదికను పిల్లల వైద్యునికి చూపుడి. ఎదుగుదలలోగాని, మాటలోగాని, వినికిడిలోగాని లోపము తోచినయెడల వేచియుండక పరీక్ష చేయింపుడి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమముక్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పదునెనిమిదేండ్లవరకు పిల్లలను ఉచితముగా పరీక్షించి, అవసరమైనవారిని పై ఆసుపత్రులకు పంపుదురు. రాయ్‌పూర్‌లో 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ వైద్యసంస్థ కలదు. మనస్సు నలిగిన తల్లిదండ్రులు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి మాటలాడవచ్చును. అది తెలుగులో కూడ లభించును. బిడ్డకు ఆపద కలిగినప్పుడు పిలువవలసిన సంఖ్య 1098. మనోవ్యాధి వైద్యునియొద్దకు పోవుట సిగ్గని మనలో కొందరనుకొందురు. జ్వరమునకు మందు పుచ్చుకొనుట ప్రార్థనకు విరోధము కానట్లే, ఇదియు కాదు.

నాలుగవది, పాఠశాల. ఉపాధ్యాయులలో ఒక్కరికైనను సంగతి మెల్లగా తెలియజేయుట మేలు. శైశవపు ఫోటో తెమ్మని, తాతముత్తాతల పేర్లు వ్రాయుమని ఇచ్చు పాఠములు ఇట్టి బిడ్డను అకస్మాత్తుగా నొప్పింపవచ్చును. ముందుగా తెలిసిన ఉపాధ్యాయిని ఆ పాఠమును మరియొక విధముగా ఇయ్యగలదు.

ఐదవది, దత్తత చేసికొనిన ఇతర కుటుంబములు. మీకంటె మూడేండ్లు ముందు ఈ దారిని నడచిన తల్లి "మా బిడ్డయు అట్లే చేసెను" అని చెప్పిన ఒక్క మాట అనేక ఉపదేశములకన్న ఎక్కువ ఆదరణ నిచ్చును. అట్టివారిని పరిచయము చేయుమని దత్తత సంస్థనే అడుగవచ్చును.

5. మొదటి మాటను తీసివేయకుడి

ఇప్పుడు మరల "దాయీ" అను మాటకు వత్తము. మన తెలుగులోను దాయి యను మాట కలదు. పాలిచ్చి పెంచిన దాదికి ఆ పేరు. ఆ బాలిక భాషలో అది కన్నతల్లి పేరు. ఆ మాట మాన్పించి తెలుగు మాట నేర్పవలెనని ఇంటివారు తొందరపడుదురు. తన మాట, తన పాట, కొన్నిసార్లు తన పేరు కూడ మార్చబడిన బిడ్డ, "నాలో ఉన్నదంతయు చెడ్డదే కాబోలు" అని తలంచును.

రోమా 8:15లోను గలతీ 4:6లోను పౌలు గ్రీకు భాషలో వ్రాయుచు, దత్తపుత్రాత్మ చేయించు మొఱ్ఱయొద్దకు వచ్చినప్పుడు "అబ్బా" అను అరామిక్ మాటను మార్చక అట్లే ఉంచి, దాని ప్రక్కన తండ్రీ అను గ్రీకు మాటను చేర్చెను. దత్తపుత్రుల మొఱ్ఱ రెండు భాషలలో నున్నది. మొదటి మాట రెండవదానికి అడ్డము కాలేదు. ఆరంగ్ తల్లి కూడ ఆ బాలిక ప్రక్కన కూర్చుండి, "దాయీ అని పిలువుము తల్లీ, అమ్మా అనియు పిలువుము, నేనిక్కడనే యున్నాను" అని చెప్పగలిగిననాడు, సగము గోడ కూలును.

సత్యమునుగూర్చియు అట్లే. దత్తత సంగతి బిడ్డకు చెప్పకుండ దాచుట ప్రేమ కాదు. ఎవరో కోపములో చెప్పక ముందే, చిన్ననాటినుండి, చిన్న మాటలలో, తల్లిదండ్రులే చెప్పవలెను. మోషే పెద్దవాడైనప్పుడు తన సహోదరులయొద్దకు వెళ్లెను. తన మూలమును వెదకుట మనుష్యుని స్వభావము. నేటి నిబంధనలు కూడ దానికి మార్గమిచ్చుచున్నవి. పదునెనిమిదేండ్లు నిండినవారు తామే అడుగవచ్చును, అంతకు చిన్నవారు తల్లిదండ్రులతో కలిసి అడుగవచ్చును. కన్నవారి గోప్యతను కూడ ఆ నిబంధనలు కాపాడును. ఆ ప్రశ్న మీ ప్రేమకు తిరస్కారము కాదు.

6. సంఘము చేయవలసినది

ఈ మహానది ప్రాంతమునకు బిడ్డలను ఆదుకొనిన క్రైస్తవ చరిత్ర కలదు. 1868లో జర్మన్ మిషనరీ ఆస్కర్ లోర్ బిశ్రాంపూర్‌లో సేవ మొదలుపెట్టెను. 1896–97లోను, 1899–1900లోను ఘోరమైన కరవులు వచ్చినప్పుడు మిషనరీలు అనాథ బాలబాలికలను చేరదీసిరి. 1899లో అమెరికా మెనోనైటు మిషనరీలు ధమ్తరీలో స్థాపించిన సేవ ఆ కరవు పిల్లల మధ్యనే పెరిగెను. ఆనాడు ప్రాణము నిలుపుటకు వసతిగృహము కావలసివచ్చెను. నేడు బిడ్డకు కుటుంబము కావలెను, ఆ కుటుంబమునకు సంఘము కావలెను.

సంఘము మొదట తన నాలుకను కాచుకొనవలెను. "పెంపుడు బిడ్డ గదా", "ఎవరి రక్తమో", "ఎంతైనా కన్నబిడ్డ కాదు" అను మాటలు మందిరపు వాకిట సహితము వినబడుచున్నవి. నయోమి ఒడిలోని శిశువును చూచి, నయోమికి కుమారుడు పుట్టెనని బేత్లెహేము స్త్రీలు చెప్పి, అతనికి పేరు పెట్టిరి. కన్నది రూతు. అయినను ఇరుగుపొరుగు స్త్రీలు ఆ ముసలి తల్లి ఒడిని గౌరవించిరి. మన స్త్రీల సమాజములు వారివద్ద నేర్చుకొనవలెను.

రెండవది, బిడ్డ కథ బిడ్డది. ఎక్కడ దొరకెనో, ఎవరు విడిచిరో వేదికమీద సాక్ష్యముగా చెప్పరాదు. చెప్పుమని పాస్టరుగారు అడుగను రాదు. తల్లిదండ్రులు దేవునికి వందనములు చెప్పవచ్చును. బిడ్డ గాయమును బయలుపరచు హక్కు వారికి లేదు.

మూడవది, కృతజ్ఞతా కూడిక జరిగిన ఆరు నెలలకు మరల ఆ ఇంటికి వెళ్లుడి. సలహాలతో కాక, ఒక పూట కూరయు అన్నమును తీసికొని వెళ్లుడి. తల్లి రెండు గంటలు నిద్రపోవునట్లు బిడ్డయొద్ద కూర్చుండుడి. అయితే బిడ్డ ఇంకను తల్లిదండ్రులకు అలవాటు పడుచున్న దినములలో ఎత్తుకొనుట, తినిపించుట వారికే విడిచిపెట్టి, మీరు గిన్నెలు తోముడి. తండ్రిని వేరుగా పలుకరించుడి. పురుషుడు తన దుఃఖమును అడిగినగాని చెప్పడు. రాయ్‌పూర్‌కు వెళ్లవలసిన దినమున తోడు వెళ్లుడి. గలతీ 6:2లో చెప్పబడిన భారమును భరించుట ఇదియే.

ప్రియ తల్లిదండ్రులారా, మీరు ఓడిపోలేదు. మీరు బలహీనులు, అంతే. ఆ బలహీనతకే సహాయకుడు వాగ్దానము చేయబడెను. ఆయన ఒక్కొక్కప్పుడు ప్రార్థనలోను, ఒక్కొక్కప్పుడు ఒక వైద్యురాలి రూపమునను, ఒక్కొక్కప్పుడు ఆరునెలల పుస్తకము చేతపట్టి వచ్చిన ఉద్యోగి రూపమునను మీ తలుపు తట్టును. తలుపు తీయుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. రోమా 8:15కును 8:26కును గల సంబంధమును మీ సొంత మాటలలో చెప్పుడి.
2. మెఫీబోషెతు రాజు బల్లయొద్ద కూర్చుండినను కుంటివాడుగానే యుండెను. ఈ సంగతి బిడ్డలను పెంచువారికి ఏమి నేర్పుచున్నది?
3. మీ సంఘములో దత్తత చేసికొనిన కుటుంబము ఉన్నదా? ఆ ఇంటికి మీరు చివరిసారి ఎప్పుడు వెళ్లితిరి?
4. మీ జిల్లాలో బాలల పరిరక్షణ విభాగము ఎక్కడ నున్నదో తెలిసికొని సంఘమునకు తెలియజేయుడి.

ప్రార్థన

తండ్రీ, మమ్మును నీ పిల్లలుగా స్వీకరించి, మా మూలుగును విని విసుగక సహాయము చేయుచున్నందుకు నీకు స్తోత్రములు. క్రొత్త ఇంటిలో నిద్రపట్టని బిడ్డలను నీ రెక్కల క్రింద దాచుము. అలసిన తల్లిదండ్రులకు అడుగుటకు ధైర్యమును, మాకు వెళ్లుటకు కాళ్లను దయచేయుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.